1147 నంబరు పుండుచెక్క

మహాదేవక్క గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి. రోజుకు ఎనిమిది గంటలు రబ్బరు గ్లౌజుల్లో నాని నాని, సాయంత్రం బస్సెక్కేటప్పటికి ఆ వేళ్లు ఉతికి పిండిన గుడ్డపీలికల్లా ఉంటాయి. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేదాకా ఆ వేళ్లనే చూసుకుంటుంది. సీటు దొరికితే నిద్రపోతుంది. నేనూ అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ గుట్టల్ని చూసి ముచ్చటపడేవాణ్ని. ఇప్పుడు అవి ఎప్పుడు అయిపోతాయా అని చూస్తాను.

నా పేరు హెన్రీ. మా ల్యాబులో మిషన్ నడిపేది నేను. ఆ మిషన్ కడుపుకు కావలసినవన్నీ కలిపి, వడగట్టి, సీసాల్లో పోసి అందించేది మహాదేవక్క. ఆమెకు నలభై ఆరేళ్లు. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటాడు, నెలకు రెండుసార్లు వస్తాడు. కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో, అద్దె ఇంట్లో ఆమె, ఆమె తల్లి గిడ్డమ్మ ఉంటారు. చదివింది పదో తరగతి. కానీ సూదిమొనంత మందును తూచడంలో ఎమ్మెస్సీలు ఆమె దగ్గర నిలబడి నేర్చుకోవాలి. నేర్చుకోరు, అది వేరే సంగతి.

మాది మందులు కనిపెట్టే ల్యాబు అని చెప్తే మా చర్చిలో వాళ్లు జ్వరం బిళ్లలు అడుగుతారు. నిజానికి మేం కనిపెట్టింది ఏమీ లేదు. మూడేళ్లుగా మేం చేసేదల్లా, ఇది కాదు, ఇదీ కాదు అని తేల్చడమే. మా మిషన్ పేరు బయోసెన్సర్. దాని లోపల గోరంత గాజుబిళ్ల ఉంటుంది, ఆ బిళ్ల మీద బంగారు పూత ఉంటుంది. ఆ పూత మీద ఒక ప్రొటీన్‌ను అతికిస్తాం. మేం అతికించేది చెడ్డ రకం. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల పుండ్లలో అతిగా ఊరి, కొత్తగా పుట్టే కండను పుట్టినట్టే తినేస్తుంది. అందుకే ఆ పుండ్లు మానవు. దాని నోటికి అడ్డంపడే పదార్థం ఏదైనా దొరికితే మందుకు దారి దొరికినట్టే. దానికోసం ఊరూరి నుంచి తెచ్చిన ఆకులు, వేర్లు, బెరళ్లు కషాయం తీసి, ఒక్కొక్కటిగా ఆ బిళ్ల మీదుగా సన్నగా పారిస్తాం. ప్రొటీన్‌కు ఏదైనా అంటుకుంటే కంప్యూటర్ తెర మీద గీత పైకి లేస్తుంది. అంటుకోకపోతే పడుకునే ఉంటుంది.

మా గీత మూడేళ్లుగా పడుకునే ఉంది. బయట రాళ్ల లారీ పోతే కొంచెం వణుకుతుంది, అంతే. మొదట్లో ఆ వణుకు చూసి కూడా కుర్చీలోంచి లేచేవాణ్ని.

ఫలితాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నా, మా పెద్దసారు వసంతకుమార్‌కు కాగితం మీదే గురి. అందుకని ఒక పొడుగు రిజిస్టరు పెట్టారు. ఒక్కో శాంపిల్‌కు ఒక్కో నంబరు. నంబరు పక్కన చెట్టు పేరు, ఊరు, ఫలితం. ఫలితం రాసేది మహాదేవక్క. పేజీ నిండా గుండ్రటి అక్షరాలతో లేదు, లేదు, లేదు అని ఉంటుంది. ఒకసారి విసుగొచ్చి, "అన్నీ ఒకటే కదక్కా, కింద చుక్కలు పెట్టుకుంటా పోరాదా?" అన్నాను.

"ఎవురి చెట్టు వాళ్లకు గొప్ప కదప్పా," అంది. "రాయచోటి గుట్టల్లో ఎవురో ఎండకు తిరిగి ఏరుకోనొచ్చిండారు. చుక్కలు పెడితే ఏం బాగుంటాది?"

ఆమె మాట అట్లా ఉంటుంది. గట్టిగా అనదు, కానీ దాని తర్వాత మనం మాట్లాడడానికి ఏమీ మిగలదు.

ఆ మాట ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. కోడుమూరు దగ్గర వాళ్ల పల్లెలో గిడ్డమ్మ ముప్పై ఏళ్లు పుండ్లకు నాటు మందు కట్టింది. గట్టు మీద బండల సందుల్లో పెరిగే ఒక పొద బెరడు తెచ్చి, ఎండబెట్టి, నూరి, పట్టు వేసేది. దాన్ని వాళ్లు పుండుచెక్క అంటారు. పొలంలో కొడవలి తెగినా, ఎద్దు కాడి ఒరుసుకున్నా, చెప్పు కరిచినా జనం ఆమె దగ్గరకే వచ్చేవాళ్లు. ప్రతిఫలం తీసుకునేది కాదు. మందు కట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదనేది ఒక్కటే ఆమె నియమం.

తొమ్మిదేళ్ల కిందట ఆమె సొంత తమ్ముడు మారెన్నకు బొటనవేలి దగ్గర పుండు లేచింది. చక్కెర జబ్బు ఉన్నట్టు అతనికే తెలియదు. అక్క రెండు నెలలు పట్టు వేసింది. పుండు పైకి ఎండినట్టు కనిపించింది, లోపల పాదమంతా పాకింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేటప్పటికి ఆలస్యమైంది, మోకాలి కింద తీసేశారు. గిడ్డమ్మ మందే ఆ కాలు తీసిందని ఊరంతా అనుకుంది. మారెన్న భార్య వాకిట్లో నిలబడి, అందరూ వినేటట్టు ఆ మాటను పైకే అంది. గిడ్డమ్మ ఆ రోజు నుంచి మందు కట్టలేదు, తమ్ముడి గడప తొక్కలేదు. కూతురితో కర్నూలు వచ్చేసి, చెక్క ఉన్న రేకుడబ్బాను బియ్యం మూట వెనక పెట్టి, ఊరి పేరే ఎత్తడం మానేసింది.

పోయిన వేసవిలో వసంతకుమార్ సారు మా అందరినీ పిలిచి, మీ మీ ఊళ్లల్లో పుండ్లకు వాడే చెట్లు ఏమైనా ఉంటే తీసుకురండి అన్నారు. మహాదేవక్క రెండు నెలలు ఏమీ తేలేదు. ఒకరోజు టిఫిన్ క్యారియర్ పక్కన చిన్న కాగితం పొట్లం కనిపించింది. తల్లిని అడగకుండా డబ్బాలోంచి పిడికెడు తీసుకొచ్చింది.

"అడిగితే ఇయ్యదు," అంది. "కూడదంటాది. ఒకవేళ ఇది మంచిదే అని మిషన్ చెప్తే, అప్పుడు చెప్తా. మామ కాలు మందు తప్పు వల్ల పోలేదు, ఆలస్యం వల్ల పోయిందని మా యమ్మకు చూపిస్తా."

"లేదని చెప్తే?"

"అప్పుడు చెప్పనే చెప్పను."

ఆ చెక్కకు 1147 నంబరు పడింది.

దాని వంతు దసరా తర్వాతి వారంలో వచ్చింది. దసరాకు ముందు ఆయుధపూజ కదా, మా ల్యాబులో ప్రతి ఏడాదీ చేస్తారు. వసంతకుమార్ సారు మా మతం వాళ్లే, కానీ పనివాళ్ల మనసు కష్టపెట్టడం ఇష్టం లేని మనిషి. మిషన్ ప్లగ్గు తీసేసి చేసుకోండమ్మా అని తలుపు దగ్గరే నిలబడతారు. నేను బయట చెట్టు కింద నిలబడి టీ తాగుతాను, తర్వాత బొరుగులూ బెల్లమూ మాత్రం వదలను. మహాదేవక్క స్నానం చేసి వచ్చి, పసుపు ముద్ద కలుపుకుని, తక్కెడకు, ఫ్రిజ్జుకు, మిషన్ మూతకు బొట్లు పెట్టి, హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టించింది. ఆ తర్వాత మిషన్ మీది పసుపంతా నేనే స్పిరిటుతో తుడిచాను. ప్రతి ఏడాదీ గొణుక్కుంటూ తుడుస్తాను, ఆ ఏడాదీ గొణిగాను. సీసాల వైపు చూడలేదు. సీసాలకు ఎవరైనా బొట్టు పెడతారా?

ఆమె పెట్టింది. ట్రేలో వరుసగా ఉన్న ముప్పై సీసాల్లో ఒక్కదాని మూత అంచుకు.

పండగ సెలవు అయ్యాక, బుధవారం పొద్దున పదకొండు గంటలకు 1147 మిషన్‌లోకి పోయింది. నేను తెర ముందు కూర్చుని ఉన్నాను గానీ చూస్తున్నానని చెప్పలేను. కరెంటు బిల్లు ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నాను. ఎందుకో తల ఎత్తితే గీత లేస్తోంది. లారీ ఏదైనా పోతోందేమోనని కిటికీలోంచి చూశాను, రోడ్డు ఖాళీగా ఉంది. గీత లేచి, లేచి, నేను ఆ తెర మీద ఎప్పుడూ చూడని ఎత్తుకు పోయి నిలబడింది. తర్వాత మామూలుగా ఉప్పునీళ్లు పారించి కడిగాను. కడిగినా సరిగ్గా దిగలేదు.

"సార్!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు వచ్చి, మూడుసార్లు చేయమన్నారు. అదే సీసాలోంచి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ లేచింది. కడిగినా వదలడం లేదంటే గట్టిగా పట్టుకున్నట్టు లెక్క అని మా అంతట మేమే చెప్పుకున్నాం. మూడేళ్లు ఎదురుచూసినవాళ్లు అట్లాగే చెప్పుకుంటారు. సారు రిజిస్టరు తెప్పించి చూసి, "ఇది తెచ్చింది మన మహాదేవమ్మేనా!" అన్నారు. హైదరాబాదులో మా పెద్ద ఆఫీసుకు ఆ మధ్యాహ్నమే మెయిలు పోయింది.

మహాదేవక్క గ్లౌజులు తీయకుండానే గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చింది. తర్వాత బయటికి పోయి తల్లికి ఫోన్ చేసింది. కిటికీ పక్కన నాకు వినిపించింది. "మా, నీ చెక్క తెచ్చి మిషన్‌లో ఏస్తిమి. లేసింది మా! పుండును తినే పురుగులాంటిది ఉండాదిలే, దాన్ని పట్టుకుండాది నీ మందు. నీది తప్పు మందు కాదు మా. వింటాండావా?" అవతలి నుంచి చాలాసేపు ఏమీ వినిపించలేదు కాబోలు, ఈమె వింటాండావా, వింటాండావా అని అడుగుతూనే ఉంది.

మర్నాడు గిడ్డమ్మ రేకుడబ్బా సంచిలో పెట్టుకుని, కూతురు పనికి పోయాక, ఒక్కతే బస్సెక్కి ఊరికి పోయింది. తొమ్మిదేళ్ల తర్వాత.

శుక్రవారం ఆ సీసాను హైదరాబాదుకు పంపడానికి మహాదేవక్క టేపు చుడుతోంది. నేను మిషన్ కడుగుతున్నాను. ఎంతసేపటికీ టేపు చప్పుడు రాకపోతే తిరిగి చూశాను. ఆమె మూత తీసి, వెలుతురుకు పెట్టి చూస్తోంది.

"హెన్రీ, ఇట్లా రాప్పా," అంది.

మూత అంచు నుంచి కారి లోపలి మరల్లోకి దిగిన పసుపు ఉంది. ఎండిపోయి, పెచ్చులు లేచి, సగం రాలిపోయి ఉంది. రాలింది ఎక్కడికి పోయిందో చెప్పే పని లేదు. బుధవారం పొద్దున ఆమె ద్రావకం పోయడానికి మూత తిప్పినప్పుడు సీసాలోకే పోయి ఉంటుంది. మేం వాడే ద్రావకంలో పసుపు ఇట్టే కరుగుతుంది. చెక్క కషాయమే తేనె రంగులో ఉంటుంది కాబట్టి రంగు తేడా ఎవరికీ తెలియలేదు.

"నేనే పెడితిని," అంది. "మా యమ్మది కదా అని, దీనికొక్కదానికి బొట్టు పెడితిని."

నాకు అంతా అర్థమైంది. పసుపు సంగతి మా పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. దానిలోని పదార్థం కనిపించిన ప్రతిదానికీ అంటుకుంటుంది. ఏ ప్రొటీన్ పెట్టినా గీత లేపుతుంది, ఎంతోమందిని నమ్మించి నీళ్లలో ముంచింది. ఆ రోజు కడిగినా దిగని గీత కూడా నా కళ్ల ముందు మళ్లీ కనిపించింది. అప్పుడే అనుమానపడాల్సింది.

నేను అన్న మాట దాచను. "మూత తుడిచెయ్ అక్కా," అన్నాను. "హైదరాబాదులో వాళ్లు నెలకైనా మళ్లీ చేసుకుంటారు. లేకపోతే లేదని వాళ్లే చెప్తారు. ఒక నెల మనసు బాగుంటే నీకేం పోయింది?" నేను అలసిపోయి ఉన్నాను. మూడేళ్లలో మా సారు గట్టిగా నవ్వింది ఆ రెండు రోజులే. ఆ నవ్వును నా చేత్తో తుడిచే ఓపిక నాకు లేదు.

ఆమె మూత తుడవలేదు, సీసా పక్కన పెట్టింది. తర్వాత, "చిన్న ఈరన్న అని మా ఊర్లో ఉండాడు," అంది. "వానికి కాల్లో పుండంట. నిన్న మా యమ్మ పోతానే వచ్చి కూకున్యాడంట. మిషన్ చెప్పిందంట కదా, నాకూ కట్టు పెద్దమ్మా అని. పొద్దున ఫోన్ చేసి చెప్పె. నెలకు వాని కాలు ఏమైతాదప్పా?"

నేను మిషన్ కట్టేశాను.

"మోతాదు ఇంకా తేలలేదు, ఆదివారం నేను వచ్చేదాకా ఎవురికీ కట్టొద్దు అని ఫోన్‌లోనే చెప్తిని," అంది. "రేపు ఇంకో సీసా చేద్దాం. చెక్క ఒకటి, ఒట్టి పసుపు ఒకటి. తేలకుండా పోయి ఏమని చెప్పేది?"

శనివారం చేశాం. కొత్త సీసా, కొత్త గ్లౌజులు, పొట్లంలో మిగిలిన చెక్క. గీత పడుకునే ఉంది. ఇంకోసారి చేశాను, పడుకునే ఉంది. ఆమె అడగకపోయినా మూడోసారి చేశాను. తర్వాత పసుపు ఒక్కదాన్నే పారిస్తే బుధవారంలాగే లేచింది. మహాదేవక్క తెరను చూడలేదు, నా మొహాన్నే చూస్తూ నిలబడింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.

సారు దగ్గరకు ఆమె ఒక్కతే పోయింది. తలుపు వేసుకోలేదు కాబట్టి విన్నాను. జరిగింది జరిగినట్టు, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది. సారు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "పసుపమ్మా," అన్నారు. "అది అన్నింటికీ అంటుకుంటుంది. దాని మాట ఎవరూ నమ్మరు." తర్వాత హైదరాబాదుకు ఫోన్ చేసి, మా వైపు తప్పు జరిగింది అని చెప్పారు. ఎవరి తప్పని అడిగినట్టున్నారు. "మా ల్యాబుది," అన్నారు. ఇకనుంచి పూజలేవైనా గేటు బయటే అని నోటీసు పెట్టారు. మహాదేవక్కను శాంపిళ్ల గదిలోంచి తీసి సీసాలు కడిగే పనికి వేశారు. ఆమె సరే అంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆదివారం చర్చి అయ్యాక నా బండి మీద ఇద్దరం ఆ పల్లెకు పోయాం. కోడుమూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎండిన కంది చేలు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని నా వెనక కూర్చుంది. ఊరు కనిపించగానే, "మెల్లగా పోప్పా," అంది. నేను అప్పటికే మెల్లగా పోతున్నాను.

మారెన్న ఇంటి అరుగు మీద గిడ్డమ్మ రోలు ముందర కూర్చుని నూరుతోంది. కల్లూరు ఇంట్లో ఆమెను ఎప్పుడూ ఇంత ఉత్సాహంగా చూడలేదు నేను. పక్కన మంచం మీద మారెన్న కూర్చుని ఉన్నాడు, చంకకర్ర గోడకు ఆనించి ఉంది. కింద మెట్టు మీద చిన్న ఈరన్న. యాభై ఏళ్లుంటాయి. పాదానికి చుట్టిన గుడ్డ తడిగా ఉంది. ఆ వాసన నాకు వాకిట్లోకి రాగానే తగిలింది.

"వచ్చినావా మాదేవీ! రా అప్పా, కూకో," అంది గిడ్డమ్మ. "నువ్వు చెప్పినట్టే ఆగినా. ఈ పొద్దు ఎట్లా వస్తాండావు కదా, వచ్చినంక కడదామని తయారు చేస్తాండా. మోతాదు తేలెనా?"

మహాదేవక్క బండి దిగి అరుగు కిందే ఆగింది. నేను ఎక్కడ చూడాలో తెలియక రోట్లోకి చూశాను. నూరుతున్న ముద్ద పచ్చగా ఉంది.

"అవ్వా," అన్నాను, "ఇదేంది, పసుపు ఏసినావే?"

"ఎయ్యకుండా?" అంది గిడ్డమ్మ, నేను తెలివితక్కువ మాట అన్నట్టు చూసి. "పసుపు లేంది పుండు మందు యాడ ఉంటాది నాయనా? ఎప్పుడూ ఏసేదే. చెక్క జిగురు కోసం, పట్టు నిలిచేకి. నన్ను అడిగుంటే చెప్పుందును కదా. మీరు అడగకుండానే ఎత్తుకపోతిరి."

నేను మహాదేవక్క వైపు తిరిగాను. "నీకు తెలీదా అక్కా?"

"ఎందుకు తెల్దూ," అంది ఆమె. "ఎన్నిసార్లు నేనే దంచిస్తిని. పప్పులో పసుపేస్తాం, పప్పు అంటాం గానీ పసుపు పప్పు అంటామా? దాన్ని ఎవురు లెక్కపెడతారప్పా?"

బుధవారం లేచిన ఆ సీసాలో ఉన్నదే గిడ్డమ్మ అసలు మందు. మేం శుభ్రంగా, కొత్త గ్లౌజులతో చేసిందే ఆమెది కాదు. అంతా తెలిసీ దానివల్ల ఏం లాభం? పసుపు లేపిన గీతకు విలువ లేదు. అది బంగారు బిళ్లకూ అంటుకుంటుంది, గోడకూ అంటుకుంటుంది. చిన్న ఈరన్న పాదంలో పాకుతున్నదాన్ని ఆపుతుందని చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

మహాదేవక్క అరుగెక్కి తల్లి ముందర కూర్చుంది. రోట్లోంచి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసింది. "మా," అంది, "మిషన్ తప్పు చెప్పె. నా వల్ల తప్పు చెప్పె. నేను సీసాకు పసుపు బొట్టు పెడితిని, ఆ పసుపు చూసి లేసె. చెక్కకు లెయ్యలా. ఈ మందు ఈరన్నకు కట్టొద్దు. ఆయప్పను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకోని పోవల్ల."

గిడ్డమ్మ రోలు పక్కకు జరిపింది. పచ్చగా ఉన్న తన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. తమ్ముడి వైపు చూడకుండానే, "అయితే వీని కాలు?" అంది.

మహాదేవక్క తల దించుకుంది. ఎవరి నోటా వినకూడదని గిడ్డమ్మ తొమ్మిదేళ్ల కిందట పారిపోయిన మాటను, కూతురే వచ్చి ఆ గడపలోనే చెప్పినట్టయింది. నాకు అక్కడ నిలబడడం చాతకాలేదు.

మారెన్న దగ్గాడు. "నాకు అప్పుడే తెలుసులే అక్కా," అన్నాడు. "కర్నూలులో డాక్టరు నాకు అప్పుడే చెప్పె, ఆ మందు పనికిరాదని. నేను ఎవురికీ చెప్పలా. మందు మంచిదా చెడ్డదా అని నేను ఎదురుచూస్తాన్నా అనుకుంటివా నువ్వు, ఇన్నేండ్లు?"

గిడ్డమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"కాలు పోతే ఆసుపత్రిలో కట్టె ఇచ్చిరి," అన్నాడు చంకకర్ర వైపు చెయ్యి చూపించి. "అక్క రాకపోతే ఎవురు ఏమిస్తారు?"

గిడ్డమ్మ ఏడుపు నేను రాయలేను. ముసలామె అంత గట్టిగా ఏడుస్తుందని అనుకోలేదు. మారెన్న భార్య లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, ఆమె చేతుల మీద పోసింది.

చిన్న ఈరన్న మాత్రం లేవనని మొండికేశాడు. ఆసుపత్రికి పోతే కోసేస్తారని భయం. మారెన్న కర్ర తీసుకుని, కుంటుకుంటూ మెట్టు దిగి, అతని పక్కన నిలబడి, పంచె ఎత్తి తన మొండికాలు చూపించాడు. "చూడు. ఆసుపత్రికి పోయినందుకు పోలేదు నా కాలు, తొందరగా పోకనే పోయింది," అన్నాడు. ఆ తర్వాత ఈరన్న ఊళ్లో దొరికిన ఆటో ఎక్కాడు. మహాదేవక్క అతన్ని కోడుమూరులో బస్సెక్కించి, పెద్దాసుపత్రి దాకా వెంట పోయింది. నేను వెనకాల బండి మీద పోయాను. ఈరన్నకు ఒక వేలు తీశారు. పాదం మిగిలింది.

సోమవారం రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. ఆ పని ఇప్పుడు ఆమెది కాదు, అయినా 1147 ఆమెతోనే రాయించాలనిపించింది. కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఫలితం దగ్గర పూర్తిగా, గుండ్రంగా, లేదు అని రాసింది. చుక్కలు పెట్టలేదు.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. గిడ్డమ్మ ఇంకా తమ్ముడింట్లోనే ఉందని, సంక్రాంతి దాకా రానంటోందని చెప్పింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "నా తప్పుకు సారు బాధపడె, నువ్వు బాధపడితివి," అంది. "అయినా ఆ గీత లెయ్యకపోయుంటే మా యమ్మ ఆ గడప తొక్కుండేది కాదప్పా."

నేను ఏదో అనబోయేలోపే కళ్లు మూసుకుంది. కర్నూలు వచ్చాక నేనే లేపాను.